గుర్రపు వెంట్రుకల బ్రష్షు

మా సావిట్లో గోడగడియారం కింద మేకుకు ఆ కార్తీకమాసమంతా ఒక చిన్న కత్తెర వేలాడింది. గుడ్డలు కత్తిరించేది కాదు, తీగలు తెంచేది. దాన్ని అక్కడ తగిలించింది బద్రున్నీసాగారు. ఏలూరులో ఆవిణ్ణి అందరూ బీబమ్మగారనేవాళ్ళు, మేమూ అంతే. తగిలించిన రోజున మా అమ్మనూ నన్నూ ఎదురుగా నిలబెట్టి చెప్పారు.

"బాబుకి వాంతి వచ్చి, అది బయటికి రాక ఊపిరాడకపోతే ఈ ముడులు తెంచెయ్యాలండి. అప్పుడు ఆలోచిస్తూ నిలబడకూడదు. కానీ తెంచారంటే దవడ మళ్ళీ జారిపోద్దండి. రెండోసారి కడితే నిలవదని మావారు చెప్పేశారు. రెండూ గుర్తుపెట్టుకోండి."

ఆ రెండు మాటలూ ఒకేసారి ఎలా గుర్తుపెట్టుకోవాలో మాత్రం ఆవిడ చెప్పలేదు. ఆ రోజు నుంచి అమ్మ వంటింట్లో ఉన్నా చెవి సావిట్లోనే ఉండేది. నేను నూతి దగ్గర నీళ్ళు తోడుతూ కూడా ఆ మేకు గురించే ఆలోచించేదాన్ని.

బాబు అంటే మా అన్నయ్య నరసింహమూర్తి. వాడికి పదిహేనేళ్ళు, నేను వాడికంటే ఏడాది చిన్న. అది పంతొమ్మిదివందల ముప్ఫై ఆరో సంవత్సరం. మా నాన్నగారు దత్తాత్రేయులుగారు ఏలూరులో పౌరోహిత్యం చేసేవారు. కలిదిండిలో ఎవరింట్లోనో హోమం ఉంటే అన్నయ్యను వెంటబెట్టుకుని వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు కొల్లేట్లో దోనె ఎక్కారు. నీళ్ళు నిండుగా ఉన్నాయి, గాలి ఎదురు కొడుతోంది. దోనె నడిపేవాడు గెడ వేసి బలంగా తోశాడు. అడుగున బురదలో ఇరుక్కున్న గెడ ఒక్కసారిగా ఊడి వచ్చి, వెనక కూర్చున్న అన్నయ్య గడ్డం మీద తగిలింది. పన్నొకటి ఎగిరి నీళ్ళలో పడింది. దవడ రెండు చోట్ల విరిగింది.

నాన్నగారు తన ఉత్తరీయంతో వాడి గడ్డాన్నీ తలనూ కలిపి కట్టి ఇంటికి తెచ్చారు. ఆ కట్టు విప్పినప్పుడు వాడి కింది దవడ ఒక పక్కకి జారి ఉంది. అమ్మ కేక పెట్టింది. నాన్నగారు మాత్రం వాడి ముఖం చూడలేదు, నోరే చూశారు. ఎందుకు చూశారో నాకు తెలుసు. మా ఇంట్లో తాతముత్తాతల నాటి నుంచీ వేదం చెప్పుకుంటున్నారు. నాన్నగారి గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఎక్కడికి వెళ్ళినా ఆయన ఒక పనస, అంటే వేదంలో ఒక భాగం, మొదలుపెడితే సగంలో అందుకుని పూర్తి చేసేది అన్నయ్యే. దవడ వంకరగా అతికిందంటే అక్షరం వంకరపోతుంది. అక్షరం వంకరపోయినవాడి చేత మంత్రం ఎవరూ చెప్పించుకోరు. వాడికి మరో చదువు లేదు, మరో పని రాదు.

పెద్ద బజారులో కట్టుడు పళ్ళు చేసే మొహిద్దీన్ సాహెబుగారుండేవారు. మద్రాసులో ఒక దొర దగ్గర చాలాకాలం పనిచేసి, విరిగిన దవడలు కట్టడం కూడా నేర్చుకున్నారు. ఆయనే వచ్చి అన్నయ్య పై పళ్ళ వరసకి ఒక తీగ, కింది వరసకి ఒక తీగ బిగించి, రెంటినీ కలిపి అడ్డంగా ముడులు వేశారు. అన్నయ్య నోరు పెట్టెకు తాళం వేసినట్టు మూసుకుపోయింది. ఊడిన పన్ను సందే వాడికి మిగిలిన దారి. పాలైనా, గంజైనా, పప్పుకట్టైనా పసిపిల్లలకి పోసినట్టు ఉగ్గుగిన్నెతో ఆ సందులోంచి పోయాల్సిందే. మాట్లాడటం బొత్తిగా కూడదన్నారు.

అంతా అయ్యాక సాహెబుగారు చేతులు కడుక్కుని, "నా పని అయిపోయిందండి పంతులుగారూ. దవడ అతుక్కునే దాకా పని మా ఇంటావిడది. తీగల కింద కుళ్ళు పట్టిందంటే నేను కట్టినదంతా నేనే ఊడదీయాలి. ఆవిడ మాట కొంచెం కటువుగా ఉంటది, మీరు ఏమనుకోకండి" అన్నారు.

కొంచెమా! ఇంత కటువు మనిషిని నేను మా ఏలూరులో మరొకర్ని చూడలేదు. నలభై దాటిన మనిషి. చీర మీద తెల్ల దుప్పటి కప్పుకుని, చంకన రేకు డబ్బా పెట్టుకుని పొద్దున్నే వచ్చేవారు. పుట్టినిల్లు తంగెళ్ళమూడి. అక్కడ వాళ్ళ నాన్న తివాచీలు నేసేవాడట. పదేళ్ళు రాకముందే మగ్గం ముందు కూర్చుని ముడులు వేసిన వేళ్ళు ఆవిడవి. అందుకేనేమో తీగల మధ్య ఎక్కడ ఏం ఇరుక్కున్నా కంటితో చూడక ముందే వేలితో పట్టేసేవారు. ఎవరితో మాట్లాడినా ముందు ముఖం కాదు, పళ్ళు చూసేవారు. మా వీధిలో ఎవరు చాటుగా పొగాకు నములుతున్నారో వాళ్ళ భార్యల కంటే ముందు ఆవిడకే తెలిసేది. తెలిసి ఊరుకునేవారా, పిలిచి మరీ తిట్టేవారు.

వస్తూనే మొదటి పని వాసన చూడటం. అన్నయ్యని పీట మీద కూర్చోబెట్టి, "పెదాలు విప్పు బాబూ" అని, వంగి వాడి పళ్ళ దగ్గర ముక్కు పెట్టేవారు. నూనూగు మీసాలవాడు, సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఆ సమయానికి నాన్నగారు పెరట్లోకి వెళ్ళిపోయేవారు. తురక ఆడమనిషి తన కొడుకు నోట్లో వేలు పెట్టడం చూడలేరు, వద్దని అనలేరు. ఆవిడ వెళ్ళిపోగానే అన్నయ్యకు తలమీంచి నీళ్ళు పోయించేవారు. అది ఆవిడకీ తెలుసు. "నీళ్ళు గోరువెచ్చగా పొయ్యండమ్మగారూ, జలుబు చేసి ముక్కు పట్టేసిందంటే వీడికి గాలెక్కడిది?" అని అమ్మకు తానే చెప్పేవారు.

పాలు తాగించాక తోమడం. డబ్బాలోంచి సున్నపు ముద్దతో పోతపోసిన పళ్ళ అచ్చు ఒకటి తీసేవారు. దానికీ అన్నయ్య పళ్ళకున్నట్టే తీగలు. అచ్చు మీద ముందు చేసి చూపించాలి, తరువాతే సొంత నోరు. తడి పసుపు పళ్ళన్నిటికీ, తీగలకూ పూసేవారు. బ్రష్షు చిగురు దగ్గర మొదలుపెట్టి పంటి కొస దాకా ఒకే వైపు లాగాలి. అడ్డంగా రుద్దితే చేతి మీద ఒక దెబ్బ. తీగ పైనుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి. తరువాత ఉప్పు నీళ్ళు. ఆ పైన చేతికి అద్దమిచ్చి, "ఎక్కడన్నా పచ్చగా ఉందా?" అనేవారు. ఉంటే అక్కడ తోమనట్టే, మళ్ళీ మొదటికి.

"మీరే తోమెయ్యొచ్చు కదండీ, వాణ్ణి ఇలా చంపే బదులు?" అని ఒకరోజు నేను ఉండబట్టలేక అన్నాను.

"రేపు నాకు జ్వరమొస్తే? నోరు వాడిది, చెయ్యి వాడిదే అవ్వాలి" అన్నారు నా వైపు తిరగకుండానే.

ఆ బ్రష్షు మా ఇంట్లో అందరికీ కొత్తే. మేమంతా వేపపుల్లలూ ఉత్తరేణి పుల్లలూ నమిలేవాళ్ళం. కొయ్య పిడి, తెల్లని గట్టి వెంట్రుకలు. మొదటి రోజే అమ్మ, "ఇవి ఏం వెంట్రుకలండీ?" అని అడిగింది.

"గుర్రపు వెంట్రుకలండి" అన్నారు బీబమ్మగారు పసుపు కలుపుకుంటూ.

అమ్మ వెళ్ళి నాన్నగారికి చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, గుర్రం యజ్ఞానికి పనికొచ్చిన జంతువు కదా, దోషం లేదన్నారు. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

అన్నయ్య బద్ధకించిన రోజున బీబమ్మగారు మాణిక్యం సంగతి ఎత్తేవారు. మాణిక్యం కొల్లేటి లంకలో చేపలు పట్టేవాళ్ళ పిల్ల. ఎద్దు కుమ్మితే దవడ విరిగింది. సాహెబుగారు ఇలాగే తీగలు కట్టారు. దవడ చక్కగా కుదిరిందట, కానీ తీగల కింద చీము పట్టింది. జ్వరంలో పిల్ల దక్కదనుకున్నారు. చివరికి తీగలు ఊడదీస్తే ప్రాణం నిలిచింది, దవడ నిలవలేదు. ఏలూరు బజారులో చేపల గంప ముందు కూర్చుని, మండుటెండలో కూడా ముఖానికి పైట అడ్డం పెట్టుకునే పిల్లని నేనూ చూశాను. బేరం కూడా వేళ్ళతోనే చేసేది. ఆ పేరు వినగానే అన్నయ్య మారుమాట లేకుండా బ్రష్షు అందుకునేవాడు.

అలా మూడో వారం నడుస్తోంది. పొద్దున్నే నాన్నగారు పక్కన కూర్చుని పనస చెబుతుంటే అన్నయ్య నోరు మెదపకుండా వేళ్ళతో స్వరాలు చూపేవాడు. ఎక్కడా తప్పేవాడు కాదు. చిగుళ్ళు గులాబీరంగుకి తిరిగాయి. బీబమ్మగారు వాసన చూసి మాట్లాడకుండా తలాడించిన రోజులు కూడా వచ్చాయి. ఆవిడ లెక్కలో అది పెద్ద మెప్పు.

అప్పుడు తాడేపల్లిగూడెం నుంచి మా మేనమామ సుబ్బరామయ్యగారు మేనల్లుణ్ణి చూడటానికి రైల్లో వచ్చారు. ఆయన అక్కడ స్టేషన్లో గూడ్సు గుమస్తా. మంచివాడే. తనకు తెలిసిన సంగతి చెప్పకుండా మాత్రం ఒక్క క్షణం ఉండలేడు.

ఆయన వచ్చేసరికి అన్నయ్య పాలు తాగి, నోట్లో బ్రష్షు పెట్టుకుని తోముకుంటున్నాడు. బీబమ్మగారు అద్దం పట్టుకున్నారు. అమ్మ ఒక పక్క, నేనొక పక్క. నాన్నగారు ఎవరింట్లోనో శాంతి చేయించడానికి వెళ్ళారు.

"ఇదేమిటి, దొరల బ్రష్షా?" అన్నాడు మామయ్య.

"గుర్రపు వెంట్రుకలది అన్నయ్యా. తీగల సందుల్లోకి చక్కగా పోతోంది" అంది అమ్మ, బ్రష్షు తానే కనిపెట్టినంత సంబరంగా.

మామయ్య డబ్బాలో ఉన్న ఇంకో బ్రష్షు తీసి, కిటికీ దగ్గరికి వెళ్ళి, వెంట్రుకల మీద బొటనవేలు నడిపాడు. బీబమ్మగారు అద్దం దించేశారు. ఆవిడ ముఖంలో రంగు మారడం నేను చూశాను.

"గుర్రపు వెంట్రుకలేమిటి హైమా? కొస చూడు, రెండుగా చీలి ఉంది. మా గూడ్సు షెడ్డులో ఈ సరుకు మూటలకి మూటలు నా చేతి మీదే బుక్కవుతాయి. కాన్పూరుకి, బ్రష్షులు చేసేవాళ్ళకి. గుర్రానికి ఇలా ఉండదు. ఇది పంది వెంట్రుక."

అన్నయ్య చెయ్యి ఆగింది. బ్రష్షు ఇంకా వాడి నోట్లోనే ఉంది. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్క ఉదుటున బ్రష్షు లాగి విసిరేశాడు. మరుక్షణం వాడి పొట్ట లోపలికి పీక్కుపోయింది.

వాంతి. నోరు మూసుకుపోయినవాడికి వాంతి.

గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అలాంటి శబ్దం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. ముక్కులోంచి పాలు చిమ్మాయి. రెండు చేతులతో తన దవడనే పీక్కోబోయాడు. అమ్మ గోడకి జారగిలబడిపోయింది. మామయ్య, "కత్తెర! కత్తెర!" అని అరుస్తున్నాడు తప్ప కదలడం లేదు. నేను మేకు మీంచి కత్తెర లాగాను.

బీబమ్మగారు అప్పటికే కింద చతికిలబడి, వాణ్ణి లాగి తన ఒళ్ళో బోర్లా పడేసుకున్నారు. ఒక చేత్తో వాడి నుదురు పట్టి తల కిందికి వంచారు. రెండో చేతి వేలు బుగ్గలోకి పోనిచ్చి బుగ్గని పక్కకి లాగారు. "ఉమా, తీగ మీద పెట్టు. తెంచకు. నేను తల ఊపితే తెంచు. ఊపకపోతే తెంచకు" అన్నారు. ఎప్పుడూ అమ్మాయిగారూ అనేవారు, ఆ రోజు ఉమా అన్నారు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని కత్తెర నోరు ముందు ముడికి ఆనించాను. కొంచెం నొక్కితే చాలు, తీగ తెగుతుంది. ఊపిరి దక్కుతుంది, దవడ పోతుంది. నొక్కకపోతే రెండూ పోతాయేమో. అన్నయ్య వీపు ఎగిరెగిరి పడుతోంది. వాడి మెడ నల్లబడుతోంది. నేను ఆవిడ తల వైపే చూస్తున్నాను. అది ఊగలేదు.

"సందులోంచి వదిలెయ్ బాబూ. మింగకు. వదిలెయ్. పాలేగా, వచ్చేస్తాయి. నా ఒళ్ళో వదిలెయ్. ముక్కుతో పీల్చు. పీల్చు. ఇంకోసారి."

ఊడిన పన్ను సందులోంచి పాలు పసుపుతో కలిసి ఆవిడ చేతి మీదా, చీర మీదా కారాయి. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ. ఆఖరికి వాడి ముక్కులోంచి గాలి లోపలికి వెళ్ళిన చప్పుడు వినిపించింది. ఆ తరువాత ఇంకోటి. ఆవిడ నా చేతిలోంచి కత్తెర నెమ్మదిగా తీసుకున్నారు. తీగలు ఒక్కటీ తెగలేదు.

నేను ఏడ్చాను. సిగ్గెందుకు, బావురుమని ఏడ్చాను.

అమ్మ తేరుకుని అన్నయ్యని దగ్గరికి తీసుకుంది. ఆ తరువాత తలెత్తి అడిగింది. "మీకు ముందే తెలుసా బీబమ్మగారూ?"

"తెలుసండి."

"గుర్రపు వెంట్రుకలన్నారు."

"అబద్ధం చెప్పానండి."

"మీకు కూడా అది అంటుకోకూడనిదే కదండీ!" అంది అమ్మ. కోపంతో మొదలుపెట్టిన మాట చివరికి ఆశ్చర్యమైపోయింది.

"అవునండి. ఇంటికెళ్ళి తలంటు పోసుకుని, గుడ్డలు మార్చుకుంటే గానీ నమాజుకి కూర్చోను. మా వంటింట్లోకి ఆ డబ్బా రానివ్వను. మాణిక్యానికి నిజంగా గుర్రపు వెంట్రుకల బ్రష్షే వాడానమ్మగారూ. మావారు ఇది తెప్పిస్తే, ఆ జంతువుది నేను ముట్టుకోనని పంతం పట్టాను. గుర్రపు వెంట్రుక మెత్తన, తీగ కిందికి పోదు. పుల్ల నమిలిస్తే పీచు లోపలే ఇరుక్కుంది. ఆ పిల్ల ముఖం రోజూ బజార్లో చూస్తున్నాను."

మామయ్య చెప్పింది అక్షరాలా నిజమే, అయినా ఆ నిజాన్ని ఎక్కడ దించాలో తెలియక నిలబడ్డాడు. బీబమ్మగారు తడిసిన చీర మీద దుప్పటి కప్పుకుని లేచారు. రేకు డబ్బా వీధరుగు చివర పెట్టారు. "కత్తెర మటుకు మేకుకే ఉంచండి" అని వెళ్ళిపోయారు.

సాయంత్రం నాన్నగారు వచ్చి అంతా విన్నారు. "తెలియక జరిగింది జరిగింది. తెలిశాక జరగకూడదు" అన్నారు. శుద్ధి చేశారు. సావిడి కడిగించారు. మర్నాటి నుంచి ఉత్తరేణి పుల్లని రాయి మీద మెత్తగా చితక్కొట్టి ఇచ్చారు. అన్నయ్య చిగురు నుంచి కొసకే లాగాడు, నేర్పినట్టే. అయినా పీచు తీగకి తగులుకుని తెగిపోయేది. సూదితో తీయబోతే చిగుళ్ళు రక్తం చిమ్మేవి. పసుపు పూసి అద్దం ఇస్తే తీగల కింద పచ్చగా అలాగే ఉండేది.

వాసన చూసే పని నాకొచ్చింది. మొదటి రోజు ఏమీ లేదు. తరువాత పుల్లగా ఒక వాసన. ఆ తరువాత నేను ముక్కు పెట్టి వెంటనే వెనక్కి తీసేశాను. అన్నయ్య నా ముఖంలోనే చదువుకున్నాడు. వాడి బుగ్గ వాచింది. ఒళ్ళు వెచ్చబడింది. నాన్నగారు పనస చెబుతుంటే వాడి వేళ్ళు స్వరం తప్పాయి. నాన్నగారు మధ్యలో ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టలేదు.

"మాణిక్యానికీ అలాగే అయిందిటండీ" అంది అమ్మ, ఆయన వెనక నిలబడి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక జంతువు వెంట్రుకకి జడిసి కన్నకొడుకు నోరు కుళ్ళబెట్టుకుంటారా అని అరవాలనిపించింది. ఆ రోజుల్లో ఆడపిల్లలు నాన్నల మీద అరిచేవాళ్ళు కాదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

"ఉమా, వెళ్ళి బీబమ్మగారిని పిలుచుకురా" అన్నారు నాన్నగారు.

నేను పరుగెత్తాను. ఆవిడ ఎందుకని కూడా అడగలేదు, దుప్పటి కప్పుకుని నా వెంట వచ్చారు. కానీ గుమ్మం ఎక్కలేదు, వీధిలోనే నిలబడ్డారు. నాన్నగారు అరుగు మీదికి వచ్చారు. అన్ని రోజుల్లో ఆయన ఆవిడతో నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"మా బావగారు పొరపడి ఉండొచ్చునండి. మూటలు బుక్ చేసుకునేవాడు, ఆయనకేం తెలుస్తుంది? అవి గుర్రపు వెంట్రుకలేనని మీరు ఇంకొక్కసారి అనండి. నేను నమ్ముతాను" అన్నారు.

ఆయన గొంతు బొంగురు ఆ రోజు ఇంకా ఎక్కువైంది. జీవితంలో అబద్ధం ఆడని మనిషి ఒక అబద్ధం కోసం చెయ్యి చాపుతున్నాడు. అననీ, అనేస్తే అయిపోతుంది కదా అని నేను లోలోపల ఆవిణ్ణి బతిమాలుకున్నాను.

"అననండి పంతులుగారూ" అన్నారు బీబమ్మగారు. "ఒకసారి అన్నందుకే బాబు ప్రాణం మీదికొచ్చింది. తెలియకుండా నోట్లో పెట్టించాను కాబట్టే తెలిశాక కడుపు తిరిగింది. మళ్ళీ అబద్ధం చెబితే మళ్ళీ ఎవరో ఒకరు నిజం చెబుతారు. అప్పుడు నేను పక్కన ఉంటానో ఉండనో. పెట్టుకుంటే తెలిసే పెట్టుకోవాలి."

"తెలిసి ఎలా పట్టుకుంటాడండీ?"

"నేనెలా పట్టుకున్నానండీ?"

వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. అప్పుడు గుమ్మంలో అలికిడైంది. అన్నయ్య గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. అరుగు చివరికి వెళ్ళి రేకు డబ్బా మూత తీశాడు. బ్రష్షు తీసి, కొసలు కంటికి దగ్గరగా పెట్టుకుని, చీలికలు చూశాడు. చాలాసేపు చూశాడు. వాడి గొంతు ఒకసారి పైకి కదిలింది. నేను మేకు వైపు పరుగెత్తబోయాను. బీబమ్మగారు వద్దన్నట్టు చెయ్యి చూపారు.

వాడు ముక్కుతో గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. పై చిగురు దగ్గర బ్రష్షు పెట్టి కిందికి లాగాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆపలేదు. కాసేపటికి రెండో చేత్తో దేనికోసమో తడుముకున్నాడు. డబ్బాలో ఉన్న అద్దం కోసమని నాకు అర్థమయ్యేలోపే నాన్నగారు కిందికి వంగారు. ఆ డబ్బాలోనే చెయ్యి పెట్టి అద్దం తీసి, కొడుకు ముఖం ముందు పట్టుకుని నిలబడ్డారు.

"ఇంకొంచెం పైకి పట్టండి పంతులుగారూ, కింది తీగ వాడికి కనపడటం లేదు" అన్నారు బీబమ్మగారు. ఆ తరువాతే ఆవిడ అరుగు ఎక్కారు.

బీబమ్మగారు ఆ తరువాత చాలా ఏళ్ళు ఆ పని చేశారు. వట్లూరు నుంచీ, కామవరపుకోట నుంచీ కూడా దవడలు విరిగినవాళ్ళని బళ్ళలో తెచ్చేవాళ్ళు. మొదటి రోజే బ్రష్షు చేతిలో పెట్టి అది దేనితో చేసిందో చెప్పేసేవారట. హిందువులకైనా, సొంత మతంవాళ్ళకైనా. ఆ జంతువు పేరు మాత్రం ఆవిడ నోట వచ్చేది కాదు. "మీరు అనుకుంటున్నదేనండి" అనేవారు. లేచి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి గుమ్మంలో నిలబడి తిట్టి, మళ్ళీ తీసుకొచ్చేవారు. పోయే ముందు రోజు కూడా తనను చూడటానికి వచ్చిన నా మనవరాలి పళ్ళు చూసి, అడ్డంగా తోముతోందని నన్ను కోప్పడ్డారు.

అన్నయ్య బుగ్గ వాపు దిగి, దవడ అతుక్కుని, తీగలు విప్పిన రోజు ఇప్పటికీ నాకు నిన్న జరిగినట్టే ఉంది. సాహెబుగారు వచ్చి మేకుకున్న కత్తెరే అడిగి తీసుకున్నారు. ఒక్కో ముడీ తెగుతుంటే టక్కుమని చప్పుడు. అమ్మ కళ్ళు మూసుకుంది. నాన్నగారు ఎదురుగా పద్మాసనం వేసుకుని కూర్చున్నారు. మొదటి మాట మంత్రమే అవుతుందని ఆయన ఆశ. ఆఖరి తీగ బయటికి వచ్చింది. అన్నయ్య దవడ బిగుసుకుపోయి వేలెడు మందం మాత్రం తెరుచుకుంది. వాడు నాలుక కదిపి చూసుకున్నాడు. మింగాడు. నాన్నగారి వైపు తిరగబోయి, బీబమ్మగారి వైపు తిరిగాడు.

"వాసన చూడండి" అన్నాడు.

ఆవిడ వంగి చూశారు. లేచి తలాడించి, దుప్పటి చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎదురుగా నాన్నగారు కళ్ళు మూసుకుని వాడి మాటని పెదవుల మీద ఒక్కొక్క అక్షరంగా మళ్ళీ చెప్పుకుంటున్నారు. ఒక్క అక్షరమూ వంకరపోలేదు.